బెల్లం ముక్క, పలుగురాయి దుమ్ము

ఎనభైల నడిమధ్య, ఒక ఏప్రిల్ నెలలో నేను ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌గా ఖమ్మంలో చేరాను. మిషన్ తిరిగే ప్రతి షెడ్డూ నా కిందికే వస్తుందని పై అధికారి చెప్పారు. ఎన్ని షెడ్లు అడవిలో దాక్కున్నాయో మాత్రం చెప్పలేదు. అలాంటిదొకటి చండ్రుగొండ దాటాక అడవి అంచున దొరికింది. పలుగురాయిని పిండి చేసి గాజు తయారీకి పంపే మిల్లు అది.

పలుగురాయి అంటే దాదాపు అంతా సిలికా అనే ఖనిజమే. దాని సన్నటి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడతాయి. సిలికోసిస్ అంటారు. వచ్చాక నయం కాదు, రాకుండా చూడటమే మన చేతిలో ఉంది. చాలాచోట్ల దాన్ని టీబీ అనుకుని మందులిచ్చేవారు.

యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు. రక్షణ ఏర్పాట్లేవని అడిగితే గర్వంగా బెల్లం బుట్ట చూపించాడు. "రోజూ మనిషికో ముక్క పెడతామండీ, ఒక్కరోజు తప్పించలేదు" అన్నాడు. మిషన్ ఆగగానే పనివాళ్లు మూతికి కట్టుకున్న తువ్వాళ్లు విప్పి, షెడ్డులోనే కూర్చుని దాన్ని తిన్నారు. బెల్లం లోపలి దుమ్మును కడిగేస్తుందని అందరి నమ్మకం. నాకు ఒళ్లు మండింది. బెల్లం పంపకం ఆపాలని అక్కడికక్కడే నోటీసు రాసేశాను. అది నా తొందరపాటు.

మర్నాడు మళ్లీ మిల్లుకు వెళ్లాను. క్రషర్‌లో రాళ్లు వేసే కమలమ్మ నిలదీసింది.

"ఏంది సార్ గిది? బెల్లం బందు చేస్తే మేం బతుకుడెట్ల? మా ఇంటాయన గీడనే పని చేసిండు. తన ముక్క తినకుండ రోజూ బిడ్డకు తెచ్చిచ్చిండు. గందుకే దమ్ము పట్టి, ఊపిరాడక మంచాన పడ్డడు. నేను గట్ల చెయ్య. బిడ్డ ఏడ్చినా ఇయ్య."

మాటలతో కాదు, కళ్లకు చూపించాలనుకున్నాను. మధ్యాహ్నం మిషన్ ఆపించి, అందరినీ గుమ్మం బయట నిలబెట్టాను. "దుమ్ము ఆగింది సార్" అన్నారు. రేకుల కప్పులో మేకు ఊడిన బెజ్జంలోంచి ఎండ సన్నగా దిగుతోంది, అందులోకి చూడమన్నాను. దుమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. బెల్లం తినేంతసేపు చూశాం. తగ్గలేదు. ముతక దుమ్మును ముక్కు ఆపుతుందనీ, ప్రాణం తీసే సన్నదుమ్ము తువ్వాలుకు ఆగదనీ, అందులో చాలావరకు ఈ ఎండలో కూడా కనపడదనీ చెప్పాను.

కమలమ్మ చూపు తిప్పలేదు. "అంటే, మా బిడ్డ తిన్నందుకు కాదా సార్?"

"కాదమ్మా. బెల్లం పోయేది కడుపులోకి. దుమ్ము పోయే దారి వేరు."

ఆమె అక్కడే చతికిలబడి ఏడ్చింది.

నా నోటీసును నేనే రద్దు చేసి, ఏర్పాట్లు పూర్తయ్యేదాకా మిల్లు నడపకూడదని నిషేధపు ఉత్తర్వు ఇచ్చాను. నీళ్లు చల్లితే పిండి ముద్దవుతుందని యజమాని వాదించాడు. ఆ మాట నిజమే. అందుకని క్రషర్ దగ్గర రాయిని తడపమన్నాను. పిండి పట్టే మిషన్‌కు మాత్రం చుట్టూ మూత బిగించి, దుమ్మును లాగి సంచిలో పట్టే ఫ్యాను పెట్టించాను. చీపురుతో ఊడ్చడం మాన్పించాను. సరైన మాస్కులు, అందరికీ ఎక్స్‌రేలు తప్పనిసరి చేశాను. యజమాని గొణుగుతూనే అన్నీ చేశాడు. బెల్లం కూడా ఉంచాను, కాకపోతే షెడ్డులో కాదు, దూరంగా బోరింగు దగ్గర, చేతులూ మొహం కడుక్కున్నాక.

కమలమ్మ భర్తది టీబీ కాదని, సిలికోసిస్ అని ఎక్స్‌రేలో తేలింది. ఆయన కోలుకోలేదు. ఆమె ఎక్స్‌రే మాత్రం శుభ్రంగా వచ్చింది.

తర్వాతి తనిఖీకి వెళ్లినప్పుడు ఆమె బోరింగు దగ్గర చేతులు కడుక్కుని, తన బెల్లం ముక్కను కాగితంలో చుట్టుకుంటోంది. కొంగుకు ముడేసుకోలేదు, కొంగుకు దుమ్ముంటుందని ఆమెకిప్పుడు తెలుసు. "బిడ్డకు" అంది.

ఆ తర్వాత ఏ షెడ్డుకు వెళ్లినా యంత్రం జోలికి పోకముందు పనివాళ్లను ఒకటే అడిగేవాణ్ణి: మిమ్మల్ని ఏది కాపాడుతోందని అనుకుంటున్నారు? ప్రమాదం చాలాసార్లు ఆ జవాబులోనే దొరికేది.