కుదురుకోని బండ

మా పెద్దమ్మ మొగులమ్మ తాండూరులో ఇళ్లకు నాపరాళ్లు పరిచేది. ఆడదానికి ఈ పనేమిటని నవ్వినవాళ్ల ఇళ్లలోనూ ఆమె పరిచిన బండలే ఉన్నాయి. పరిచే ముందు ప్రతి బండనూ తిరగేసి, అడుగున అరచేత్తో తడిమి, ఎత్తుపల్లాలు చూసుకునేది.

గనిలో రాయి కొట్టే అజమత్‌ను ఆమె ప్రేమించింది. అతనికి తెలుగు అక్షరాలు నేర్పింది. ఇంట్లో ఒప్పుకోకపోయినా అతన్నే చేసుకుంటానని తెగేసి చెప్పింది. 1948లో నిజాం పాలన పోయిన రోజుల్లో అతని కుటుంబం భయపడి ఊరు విడిచింది. పెద్దమ్మ ఆరోజు మర్పల్లిలో పనిమీద ఉంది. అజమత్ మా గుమ్మంలో ఒక బండ దింపి వెళ్లిపోయాడు.

"ఒక్క మాటన్న చెప్పకపాయె. రాయి ఇచ్చి పోతడా?" అని పెద్దమ్మ మండిపడింది. ఆ కోపంలో దాన్ని తడమకుండానే వంటింటి గడప ముందు పరిచేసింది. అది కుదురుకోలేదు. కాలు పెడితే టక్కుమనేది.

"జర సరిజెయ్యరాదక్కా" అని మా అమ్మ ఎంత పోరినా వినలేదు. వచ్చిన సంబంధాలనూ కాదంది.

పదిహేనేళ్ల తర్వాత ఆ బండ తగిలి నేను బోర్లా పడితే, అప్పుడు దాన్ని లేపింది. అడుగున ఉలితో చెక్కిన వంకర అక్షరాలు: "శుక్రారం వికారాబాద్ టేషన్ల ఉంట. రా."

పెద్దమ్మ ఏడవలేదు. వాటిని అరచేత్తో మెల్లగా తడిమింది.

"అందరి కండ్లు తప్పిచ్చి రాసిండు. నేను తడుముతనని నమ్మిండే బిడ్డా" అంది.