మిగతా సగం అదే వస్తది

ప్రోగ్రామింగ్ ఎవరికైనా వస్తుందని నమ్మి ఒక పరిశోధనలో చేరాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎందుకు ఆగిపోతున్నారో దగ్గర కూర్చుని చూడటం నా పని. బడి ముఖం చూడకుండా ఇంట్లో నాయిన దగ్గర చదువుకున్న నాకు ఇది దొరకడం దేవుడి దయ. ఆ దయనే తలుచుకుంటూ నార్కట్‌పల్లిలో బస్సు మారి, నేతవాళ్లుండే ఆ ఊరికి పోయేదాన్ని. అయినా ఆ రోజుల్లో నా ప్రార్థనలో కోపమే ఎక్కువ.

అక్కడ మేం పెట్టిన కంప్యూటర్ క్లాసుకు ఒక నేత ఇంటి కోడలు వచ్చేది. మగ్గం మీదికి కొత్త పడుగు నూలు ఎక్కేదాకానే ఆమెకు తీరిక, ఎక్కితే పగలంతా నేతే. ఈలోగా పరీక్ష పాసైతే తర్వాతి చదువు ఇంటి నుంచే ఫోన్లో సాగుతుంది. లేదంటే అక్కడితో ఆగినట్టే. పరీక్ష ఒక్కసారే రాయాలి.

పరీక్షలో తెర మీద వజ్రం ఆకారం గీయించమన్నారు. ఆమె ఎడమ సగానికే ఆదేశాలు రాసి, పంపేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. సగం బొమ్మే వచ్చింది.

"ఇంకా రాయాలె గదా చెల్లె?" అన్నాను.

"ఇంకేముందక్కా, మిగతా సగం అదే వస్తది."

పక్కనున్న తోడికోడలు నవ్వింది. "కంప్యూటర్‌ను నీ మొగుడనుకున్నవా, సగం చెప్తే సమజ్ చేసుకోనీకి?"

"ఆయనకు మొత్తం చెప్పినా సమజ్ కాదు."

నాకు నవ్వు రాలేదు. వాళ్లింట్లో నూలును మడిచి కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఒక సగానికి కడితే చాలు, మడత విప్పగానే రెండో సగం అద్దంలో లాగా ఎదురుగా కనబడుతుంది. కంప్యూటర్ కూడా అట్లాగే విప్పుతుందనుకుంది. "ఇందులో మడత కూడా మనమే రాయాలె" అన్నాను. వెంటనే రాసింది. వజ్రం నిండుగా వచ్చింది. కాని మొదటిసారి పంపినప్పుడే పరీక్ష మూసుకుపోయింది.

మా పరిశోధన ఆఫీసుకు ఫోన్ చేశాను.

"అర్థం కాలేదని రాసెయ్యండి మేడం."

"అర్థమైందండి. వేరే తీరుగా అర్థమైంది. ఇంకోసారి రాయనియ్యండి."

"వచ్చే బ్యాచ్‌లో రమ్మనండి."

వచ్చే బ్యాచ్ నాటికి ఆమె మగ్గం మీద ఉంటుంది. ఎంత చెప్పినా ఆ మాట వాళ్లకు ఎక్కలేదు. 'అందరికీ అందుబాటులో' అని మా ప్రతి కాగితం మీదా ఉంటుంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది.

పడుగు ఎక్కాక వాళ్లింటికి పోయాను. మగ్గం ఆపకుండానే అడిగింది.

"నాకు రాదని రాసినవా అక్కా?"

"రాయలే."

"మరి నాకు వచ్చినట్టా, రానట్టా?"

"వచ్చింది. నా కండ్లతోని చూసిన."

"నువ్వు చూస్తే ఏమాయె. ఫోన్ల ఫెయిలని వచ్చింది. మా ఇంట్ల గదే నమ్ముతరు," అని తోడికోడలిని చాయ్ పెట్టమంది.

రెండోసారి రాసే అవకాశం ఇమ్మని అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. ఓపికగా విన్నవాళ్లందరికీ కృతజ్ఞురాలిని. నియమం మాత్రం అట్లాగే ఉంది.