నిట్టూర్పుల మాస్టారు

మా మాస్టారు నిట్టూర్చకుండా ఏ పనీ మొదలుపెట్టరు. లిఫ్టు మీట నొక్కే ముందు ఒకటి, టీ గ్లాసు ఎత్తే ముందు ఒకటి, దించాక ఒకటి. పాత లారీకి బ్రేకు వేస్తే గాలి బుస్సుమన్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. నేను చేరిన రోజున "నమస్కారం మాస్టారూ" అంటే జవాబుగా వచ్చింది అదే. గోడమీది క్యాలెండరు రెండు నెలలు ముందుకెళ్ళి వెనక్కొచ్చింది. అతిశయోక్తి అనిపిస్తే ఒక నెల తగ్గించుకోండి.

ఆయన ఆసుపత్రిలో సంగీత చికిత్స చేస్తారు. నేను ఆయన దగ్గర శిక్షణలో ఉన్నాను. ఈ ఉద్యోగంలోకి ఎలా రావాలని కొందరు అడుగుతుంటారు. ముందు సంగీతం రావాలి. తర్వాత మెదడు గురించీ మనసు గురించీ రెండేళ్ళు చదవాలి. ఆపైన అనుభవమున్నవాళ్ళ కళ్ళెదుట ఆరువందల గంటలు రోగులతో పనిచేయాలి. వాళ్ళు సంతకం పెడితేనే సర్టిఫికెట్టు. ఆ ఆరువందల్లో నాలుగువందల గంటలు రోగులు వాయించే గిలక్కాయల్ని స్పిరిటుతో తుడవడానికే పోతాయన్న సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. నేను వెతికాను.

అంతకుముందు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. జనం భోంచేస్తూ, వినకుండా ఉండటానికి పెట్టించుకునే సంగీతం. విసుగెత్తి, ఆ రెండేళ్ళ చదువుతోబాటు పాత పుస్తకాల కొట్లో దొరికినవన్నీ ఒంటరిగా చదివి, నేను ఒక్క స్వరం మీటగానే మంచంపట్టినవాళ్ళు లేచి కూర్చుంటారని ఊహించుకుని ఇక్కడికొచ్చాను. వారం తిరక్కుండానే మానేస్తున్నానని ఉత్తరం రాసి మాస్టారికి చూపించాను.

ఆయన చదివారు. పొడుగ్గా నిట్టూర్చారు. కారిడారులో బల్లమీద నా పక్కన కూలబడ్డారు.

"బాగా రాశావోయ్. అడుగున చోటుంది. నా పేరు కూడా రాసేయ్."

"మీరెందుకు మాస్టారూ?"

"నువ్వెందుకో నేనూ అందుకే. ఇద్దరం కలిసే పోదాం. కాకపోతే ఇవాళ వద్దు. ఎనిమిదో నంబరు పెద్దాయన ఒక పల్లవి సగంలో ఆపాడు. అది పూర్తవనీ."

ఆ పల్లవి పూర్తవడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే ఆవిడకి పంటినొప్పి వచ్చింది. "నొప్పితో ఉన్న మనిషికి ఇదేం చదివిస్తాం?" అన్నారు. తర్వాత గిటారు తీగ తెగింది. ఉత్తరం నా చొక్కాజేబులో నాలుగుసార్లు ఉతుక్కుంది.

రోజూ మధ్యాహ్నం ఆ బల్లమీదే మా టీ. నేను లోకాన్ని తిట్టేవాణ్ణి, ఆయన నిట్టూర్చేవారు. నేనూ నిట్టూర్చేవాణ్ణి. పోనుపోను ఆయన నిట్టూర్పు చివర ఒక కూనిరాగం అంటుకోసాగింది. ఒకరోజు దానికి నేను రెండో గొంతు కలిపాననీ, టీ చల్లారిపోయాక గానీ గమనించలేదనీ ఒప్పుకోవాలి.

మూడో నంబరు మంచంలో ఒక లారీడ్రైవరు ఉండేవాడు. పక్షవాతంతో మాట పోయింది. ఆ కోపంతో పొద్దస్తమానం ఎడమచేత్తో మంచం ఊచను బాదేవాడు. నేను పుస్తకాలు చదివినవాణ్ణి కదా, పక్కన కూర్చుని మెత్తగా జోలపాట అందుకున్నాను. తలగడ వచ్చి నా మొహానికి తగిలింది. వెనకాలే మంచినీళ్ళ సీసా.

మాస్టారు లోపలికొచ్చి, చేతిడ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని, ఊచతో సమానంగా చెడబాదడం మొదలుపెట్టారు. ఆయన మొహం కూడా కోపంతో ఎర్రబడింది. కిటికీ అద్దాలు అదిరాయి. సిస్టర్ పరుగెత్తుకొచ్చి, ఎవరిని ఆపాలో తెలియక నిలబడిపోయింది. కాసేపటికి డ్రమ్ము వెంట్రుకవాసి నెమ్మదించింది. చెయ్యి కూడా. పావుగంటకల్లా ఇద్దరూ ఊపిరి తీసుకున్నంత నెమ్మదిగా వాయిస్తున్నారు.

బయటికొచ్చాక నిట్టూర్చి అన్నారు: "కోపంలో ఉన్నవాణ్ణి దూరంనుంచి పిలిస్తే రాడోయ్. ముందు వాడి వేగంలోకి మనం వెళ్ళాలి. అక్కడ కలిశాక చెయ్యి పట్టుకుని మెల్లగా తీసుకురావాలి."

మాస్టారు రోగుల దగ్గర వేసేది వేషమనీ, అసలు మనిషి నాకొక్కడికే దొరికాడనీ అనుకున్నాను. లోకంలో నాలాగే విసిగిపోయినవాడు ఇంకొకడున్నాడన్నది చిన్న ఊరట కూడా.

ఇంకా పదిగంటలే మిగిలాయనగా ఆర్కెస్ట్రావాళ్ళు ఫోను చేశారు. మళ్ళీ చేరతావో లేదో రేపటికల్లా చెప్పాలన్నారు. ఆరోజు మాస్టారు సెలవు. అడ్డుపడే పల్లవులూ పంటినొప్పులూ లేవు. ఉత్తరం తీసుకెళ్ళి, ఆఫీసుకి పంపమని సిస్టర్ బల్లమీద పెట్టాను.

"మాస్టారు కూడా మానేస్తారు సిస్టర్. ఆయనా బాగా అలిసిపోయారు."

"ఎవరూ? ఆయనా?" సిస్టర్ పడీపడీ నవ్వింది. "పదకొండేళ్ళనుంచి చూస్తున్నాను తమ్ముడూ, రెండేసి మెట్లెక్కి వస్తారు. నేను వసపిట్టని కదా, నన్నే మించిపోతారు."

"రోజూ నిట్టూరుస్తారుగా!"

"నిట్టూర్పా? నేనెప్పుడూ వినలేదే."

అదే సమయానికి మాస్టారి భార్య సెలవుచీటీ ఇవ్వడానికి వచ్చింది. ఆవిణ్ణి అడిగాను.

"ఇంట్లో నిట్టూర్పులెక్కడివి బాబూ, నాతో పోట్లాటకే తీరిక చాలదు."

"పోట్లాటెందుకమ్మా?"

"నేను పోట్లాడతాను కదా!"

ఆ వార్డులో మంచాలు పదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పదకొండోది కారిడారులో బల్ల. ఎనిమిది నెలలుగా దానిమీద ఉన్నది నేను. ఉత్తరం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాను. "మాస్టారూ, నన్నూ రోగుల్లో కలిపేశారా?"

ఆయన నిట్టూర్చారు.

"ఇంక చాల్లెండి, ఆపండి!"

"ఇది నిజందేనోయ్. మోకాలు. నిన్నంతా మంచంమీదే."

"అసలు మీరెలా ఉంటారు? పక్కన ఎవరూ లేనప్పుడు?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "ఎప్పుడూ కుదర్లేదోయ్."

తర్వాత ఆయనే, దిక్కులు చూస్తూ, "మరి... ఉత్తరం ఇచ్చేద్దామా? ఆఫీసులో ఆవిడ పన్ను పీకించేసుకుంది" అన్నారు.

"ఇవాళ వద్దు మాస్టారూ," అన్నాను. "మూడో నంబరు డ్రైవరు నిన్న ఒక పల్లవి కూనిరాగంగా అందుకుని సగంలో ఆపాడు."

ఆయన మొహం వెలిగింది. ఆ ఊపులో రెండు మెట్లు ఒకేసారి ఎక్కబోయి, కుయ్యిమని మోకాలు పట్టుకున్నారు. నేను ఆయన భుజం కిందకి చెయ్యి పోనిచ్చి, ఒక మెట్టుకి ఒక నిట్టూర్పు చొప్పున, ఆయన వేగంలోనే పైకెక్కాను.