చుక్కాని నాకిస్తేనే వస్తానన్నాను

కాలువలో అద్దె పడవ, పాతకాలపు పబ్బు, బొగ్గుతో నడిచే పాత రైలు మూడూ ఒక్కరోజులో చూసేద్దామని మావారు రవి ప్రింటవుట్లు తెచ్చి చూపిస్తే, పడవ చుక్కాని నాకిస్తేనే వస్తానన్నాను. దానికో కారణముంది. కోనసీమలో మా నాన్నగారికి కొబ్బరికాయలు మోసే పడవ ఉండేది. చుక్కాని పట్టడం అన్నయ్యకి నేర్పారు. నేనడిగితే "ఆడపిల్లవి, నీకెందుకమ్మా" అనేవారు. ఆ ఉక్రోషం పెళ్ళయి లండన్ శివారు ఇల్ఫర్డ్ వచ్చినా తగ్గలేదు.

2004 మే నెలలో ఓ శనివారం. లండన్ యూస్టన్ స్టేషన్‌లో పొద్దున్న ఏడున్నర రైలెక్కి, గంటన్నరకి మిడ్‌లాండ్స్‌లో ఓ చిన్న స్టేషన్‌లో దిగి, పావుగంట నడిస్తే పడవల యార్డు వచ్చింది. రైలు టికెట్టు మనిషికి ఇరవై పౌండ్లు, పడవ అద్దె రోజంతటికీ తొంభై. లైసెన్సు అక్కర్లేదు. యార్డు ఆవిడ పది నిమిషాల్లో అన్నీ చూపించేసింది. "ముందు నేను చూసి చెప్తానుండు" అంటూ మావారే చుక్కాని పట్టుకున్నారు. చుక్కాని ఎడమకి తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయన చేతులకి తెలియదు. మూడుసార్లు రెల్లుపొదల్లోకి పోనిచ్చారు. ఎదురొచ్చిన పడవాయన "అదర్ వే, మేట్!" అని నవ్వుతూ అరిచాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

ఒంటిగంట దాటింది. మేం అనుకున్న పబ్బులో వంటగది రెండింటికి మూసేస్తారు. అది లాకు అవతల ఉంది. ఇక్కడి లాకులూ మా గోదావరి కాలువల లాకుల్లాంటివే: నీటిమట్టం మారేచోట రెండువైపులా తలుపులు, మధ్యలో తొట్టి. తొట్టి వెడల్పు ఏడడుగులు, పడవకి అటో వేలు, ఇటో వేలు ఖాళీ.

"ఏవండీ, ఇక దిగండి."

"గుద్దేస్తావేమో వాణీ!"

"మీరు గుద్దకుండా వదిలిందేముందండీ? దిగి తలుపులు తియ్యండి."

దిగారు. కుక్కతో షికారుకొచ్చిన ఓ ముసలాయన, తలుపు దూలాన్ని వీపుతో ఎలా నెట్టాలో ఆయనకి చూపించాడు. నేను ఇంజిన్ తగ్గించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా పడవని లోపలికి పోనిచ్చాను. ఎక్కడా తగల్లేదు. చాలా ఏళ్ళుగా నడుపుతున్నారా అని ముసలాయన అడిగాడు. ఇదే మొదటిసారనీ, చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని చూశానంతేననీ చెప్పాను. సంతోషంతో కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

పావు తక్కువ రెండుకి పబ్బులో కూర్చున్నాం. ఎవరూ రారే! పక్క బల్ల ఆవిడ జాలిపడి, కౌంటరు దగ్గరికెళ్ళి మనమే చెప్పుకోవాలంది. చీజు వేసి కాల్చిన బంగాళాదుంప నాలుగున్నర పౌండ్లు, వేడివేడిగా అమృతమే. మావారు బీరుని కాకరకాయ కషాయమంటూనే గ్లాసు ఖాళీ చేశారు. తిరుగు దారంతా చుక్కాని నాదే, ఎక్కడా ఇరుక్కోలేదు కాబట్టి నాలుగున్నరకే యార్డు చేరాం. అక్కడికి దగ్గర్లోనే ఎక్కే అయిదింటి ఆఖరి బొగ్గు రైలు టికెట్టు ఎనిమిది పౌండ్లు. నేను కిటికీలోంచి తల బయట పెట్టి, కంట్లో బొగ్గు నలుసు పడ్డాక కూడా లోపలికి తీసుకోలేదు.

ఈ కాలువల్లో పడవ గంటకి మూడు మైళ్ళే వెళ్తుంది, గట్టు మీద నడిచేవాళ్ళు మనల్ని దాటిపోతారు. నాకదే నచ్చింది. ఇన్నేళ్ళ కోరిక తీరుతుంటే తొందరెందుకు? మీరు వెళ్ళేట్టయితే రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి, లాకు గట్లు నాచుపట్టి జారతాయి. మర్నాడు పొద్దున్న ఫోన్‌కార్డు గీకి ఇండియాకి ఫోన్ చేసి నాన్నగారికి అంతా చెప్పాను. ఆయన ముందుగా అడిగింది ఒక్కటే.

"లాకు తలుపుకి గుద్దేవా?"

"లేదు నాన్నగారూ."

"మీ అన్నయ్య మొదటిరోజే గుద్దేసి పడవ పలకలు రెండు పగలగొట్టేడమ్మా. నీకప్పుడు చెప్పలేదు."