శాలువా కప్పిన చిత్రం

ముఖ్య అతిథి శాలువా అంచు పట్టుకుని లాగేశాడు. అలవాటు కొద్దీ అందరం చప్పట్లు కొట్టాం. అవి మధ్యలోనే ఆగిపోయాయి. కాన్వాసు మీద ఒక పెద్దావిడ మంచం అంచున కూర్చుని జడ విప్పుకుంటోంది. పొట్ట మీద పాత ఆపరేషన్ గాటు. ఒంటి మీద కళ్లద్దాలు తప్ప ఏమీ లేవు. ఆ కళ్లద్దాలతోనే ఆవిడ నేతచీర కట్టుకుని బొమ్మ పక్కన నిలబడి ఉంది.

ఆవిష్కరించమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మన సభల్లో గుడ్డ కప్పినదేదైనా ముఖ్య అతిథే తీయాలి. ఎన్నో శిలాఫలకాల మీద తెర తీసిన చెయ్యి, దానంతటదే పోయింది.

చిత్రకారుడు మా తార్నాకలోనే ఉంటాడు. క్యాంపస్‌లో బొమ్మలు నేర్పి రిటైరయ్యాడు. నేను పత్రికలో ఉన్నన్నాళ్లూ ఆయన బండరాళ్లు గీశాడు, నేను వాటి గురించి వార్తలు రాశాను. డెబ్బై దాటాక భార్యను గీశాడు. ఆవిడ అదే క్యాంపస్ లైబ్రరీ కౌంటర్లో ముప్పై ఏళ్లు పనిచేసింది. కూర్చోవడానికి ఆవిడది ఒకటే షరతు.

"బీరువా ఎనక పెడ్తనంటె కూసోనని చెప్పిన అన్నా," అని నాతో చెప్పింది. "నేను పనిచేసిన కాడ్నే పెట్టాలె. ముప్పై ఏండ్లు పుస్తకమిచ్చే చెయ్యే చూసిండ్రు గని, మనిషిని ఎవరు చూసిండ్రు?"

లైబ్రరీ హాల్లో ప్రదర్శన మొదలవడానికి అరగంట ముందు చిత్రకళా విభాగాధిపతి బొమ్మను చూశాడు.

"పిల్లలు కూడా వస్తారు మేడం," అన్నాడు నేల చూస్తూ.

"ఏ పిల్లలు సార్? అందరు పీహెచ్‌డీలోల్లే గద!"

"తీసెయ్యమనట్లేదండీ. గౌరవంగా కప్పుదాం." సన్మానాల కోసం తెచ్చిన కట్టలోంచి ఒక శాలువా తీసి కప్పేశాడు.

అతిథి లాగింది దాన్నే. ఇప్పుడది ఆయన చేతిలో ఉంది. శాలువా చేతిలో ఉంటే చేయవలసిన పని ఆయనకు ఒక్కటే తెలుసు. బొమ్మ పక్కన నిలబడ్డ ఆవిడ భుజాల మీద కప్పాడు. ఈసారి చప్పట్లు గట్టిగా మోగాయి, అందరికీ గండం గడిచినట్టు.

అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

"నన్నేంది చూస్తరు? బొమ్మ గాడున్నది, చూడుండ్రి," అంది.

భోజనాలయ్యేసరికి గోడ ఖాళీ. భద్రత కోసమని విభాగాధిపతి బొమ్మను ఒక గదిలో పెట్టించి తాళం వేయించాడు. ప్రదర్శన ముగిసింది. ఇంటికి తీసుకెళ్లమంటే ఆవిడ ఒప్పుకోలేదు, దాన్ని మళ్లీ అదే హాల్లో పెట్టాలంది. పెట్టాలో వద్దో తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు. సోమవారం సోమవారం ఆవిడ ఆటోలో వెళ్లి అడిగి వస్తోంది.

"ఏమన్నారమ్మా?" అని అడిగాను మొన్న.

"కూసోమన్నరు. చాయ్ మంచిగున్నది."

బొమ్మను చూడకుండా ఏమీ చెప్పలేమని కమిటీ రాసింది. కమిటీ ఏదో ఒకటి చెప్పేదాకా గది తెరవడం కుదరదని విభాగాధిపతి జవాబు రాశాడు.