అద్దంలో కనబడని అంచు

1994 డిసెంబరులో నన్ను బెంగళూరు సర్వే ఆఫీసు నుంచి గద్దగుట్ట మీదికి పంపారు. హొసకోటె దాటి ఆంధ్ర సరిహద్దు వైపు పోతే వచ్చే రాతిగుట్ట అది. కొండలెక్కే సరదా ఉన్నవాళ్ళకు కూడా అప్పట్లో దాని పేరు తెలియదు. శిఖరం మీద టెలిఫోన్ టవరు కట్టాలంటే పైన ఎంత జాగా ఉందో, ఎక్కడెంత ఎత్తుందో కొలిచి పటం గీయాలి. సర్వేయరుగా అప్పటికి నాకు పన్నెండేళ్ళ సర్వీసు. ఎత్తంటే నాకు చచ్చేంత భయమన్న సంగతి మాత్రం ఆఫీసులో ఎవరికీ తెలియదు. వంటవాడు పొయ్యంటే భయమని చెప్పుకుంటాడా? నేనూ చెప్పుకోలేదు.

నాతో వచ్చింది ఖలాసీ మునెప్ప. ఖలాసీ అంటే యంత్రం మోసి, కొలతలకు సాయపడే మనిషి. యాభై దాటినవాడు, కాటన్‌పేటలో కాపురం. పొద్దున్నే జీపు దిగి మూడు గంటలు ఎక్కాం. పైన అంతా సన్నటి రాతిగట్టు, రెండు పక్కలా లోయ. తూర్పున ఒకదాని వెనక ఒకటిగా గుట్టల వరసలు, కింద అరచేతంత చెరువులు. చూడముచ్చటైన చోటే. నేను నా బూట్ల వంకే చూస్తూ నడిచాను.

"గాలి జాస్తి ఉండాది సార్, నిదానంగా రాండి" అన్నాడు మునెప్ప. నాకేం పర్వాలేదన్నాను.

మా యంత్రం థియోడలైట్, మూడు కాళ్ళ స్టాండు మీద నిలిపే దుర్భిణి. ఖలాసీ అంకెలున్న పొడవాటి కర్ర పట్టుకుని దూరాన నిలబడితే, ఆ అంకెలు చదివి ఎత్తూ దూరమూ లెక్కకడతాం. అతను మావైపే ముఖం పెట్టి, మా చెయ్యి ఎలా ఊపితే అలా జరగాలి. అదీ పద్ధతి. దుర్భిణిలో కర్ర తప్ప మరేదీ కనిపించదు. లోయ అసలే కనిపించదు. నాకు కావలసిందీ అదే. అద్దానికి ఆనించిన కన్ను ఇక తీయలేదు.

గట్టు చివరి కొలత దగ్గర కర్ర అడుగు అంకెలకు ఒక బండ అడ్డొచ్చింది. అరచెయ్యి ముందుకు తోస్తూ వెనక్కి జరగమన్నాను. జరిగాడు. ఇంకా అడ్డమే. మళ్ళీ తోశాను. మూడోసారి తోశాక అంకె కనబడింది. రాసుకుందామని తలెత్తాను. మునెప్ప మడమల వెనక నేల లేదు, ఆకాశం ఉంది.

అరిస్తే గాలికి వినబడదు. ఆగమనడానికీ అరచెయ్యే చూపాలి, కాకపోతే కదపకూడదు. నా చెయ్యి అప్పటికే వణుకుతోంది. ఎత్తితే, ముందుకు రమ్మని ఊపినా సరే, అంత దూరానికి వెనక్కి జరగమన్నట్టే కనబడుతుంది. ఒక మనిషిని నా చేత్తో నేనే చంపబోతున్నానన్న భయం నాకు ఆ ఒక్కసారే తెలిసింది.

మిగిలిన సైగ ఒక్కటే. యంత్రం చోటు నుంచి కదిలిందంటే పని అయినట్టు, ఖలాసీ తిరిగి రావాలి. గంటసేపు సరిచేసి నిలిపిన యంత్రాన్ని స్టాండుతో సహా భుజానికెత్తుకున్నాను. ఆఫీసరు మోయడమేమిటని మునెప్ప గబగబా నావైపు వచ్చేశాడు.

యంత్రం కిందికి దించాను. వెనక అంచుందని తెలుసా అని అడిగాను.

"తెలుసు సార్. మీరు అద్దంలో చూస్తా ఉండారు గదా. జాగా లేకుంటే మీరే నిలిపేస్తారులే అనుకొంటి."

నేను కొలతల పుస్తకం తెరిచాను. చివరి కొలత కొట్టేసి కిందికి దిగాం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఖలాసీ నిలబడే చోటుకు ముందు నేనే నడిచి వెళ్ళి చూసివచ్చేవాణ్ణి. కొత్త ఖలాసీ వస్తే మొదటిరోజే దుర్భిణిలో చూడమని, అందులో నాకేం కనబడదో చూపించేవాణ్ణి. నాకు ఎత్తంటే భయమని కూడా అప్పుడే చెప్పేసేవాణ్ణి.