ఇరవై అని గుద్దిన ప్లేట్లు

ఇరుసు అంటేనే పలికే మనిషి అతను. ఇరవయ్యేళ్ళప్పుడు వర్క్‌షాపులో లారీ ఇరుసును ఒక్కడే నేల మీంచి లేపి నిలబడ్డాడు. ఆ రోజుతో అసలు పేరు కాగితాల్లో మిగిలిపోయింది. పెళ్ళాం కూడా కోపమొస్తే "ఏం ఇరుసూ" అనే అంటుంది.

చేసేది టర్నరు పని. లేత్ మీద ఇనుమును వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కడం. ఆ ఇనుముతో తీరని పేచీ సాయంత్రం జిమ్ములో తీర్చుకునేవాడు. జిమ్మంటే పెద్దగా ఊహించుకోవద్దు. వర్క్‌షాపు వెనక వీధిలో ఓ రేకుల షెడ్డు, మూల విరిగిన అద్దం, బరువులెక్కించే నాలుగు ఇనప బారులు, కుర్చీలోంచి లేవకుండానే అందరి తప్పులూ పట్టే మాస్టారు. గోడకి ఓ నల్లబోర్డు. వంగి, బారును రెండు చేతులా పట్టుకుని నిటారుగా లేవడాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారు కదా, అందులో షెడ్డు మొత్తానికి ఎక్కువ ఎత్తినవాడి పేరొక్కటే ఆ బోర్డు మీద ఉంటుంది. పక్కనే ఓ మేకు. నడుం బెల్టు ఆ మేకుకి తగిలించే హక్కు బోర్డెక్కినవాడిదే. మిగతావాళ్ళు బెల్టులు సంచుల్లో మోసుకుపోవాల్సిందే.

బోర్డు మీద 'ఇరుసు – 210' అని రాసి పదకొండేళ్ళయింది. సుద్దరాత వెలిసిపోయినప్పుడల్లా మాస్టారే మళ్ళీ దిద్దుతాడు.

రెండేళ్ళ కిందట వర్క్‌షాపులో గేర్‌బాక్సు మూతను పక్కకి పెడదామని వంగి, ఎత్తి, పాదాలు కదపకుండా నడుం తిప్పాడు. అంతే. అరవై కిలోలుండదు ఆ మూత. నడుంలో ఏదో పుటుక్కుమంది, ఎడమ కాలు తనది కాకుండా పోయింది. డిస్కు జారి నరం మీద పడిందన్నారు, ఆపరేషన్ చేశారు. బిందెడు నీళ్ళు కూడా ఎత్తొద్దన్నారు.

ఆ రోజుల్లో అతన్ని మంచం మీంచి లేపి బాత్రూముకి మోసుకెళ్ళినవాడు బావమరిది. పెళ్ళానికి తమ్ముడు. అదే వర్క్‌షాపులో వెల్డరు. పుల్లలా ఉండేవాణ్ణి పద్దెనిమిదో ఏట షెడ్డుకి తీసుకొచ్చి, బారు ఎలా పట్టాలో, ఊపిరి ఎక్కడ బిగించాలో నేర్పింది ఇరుసే. ఇప్పుడు వాడు ఒక చెయ్యి మోకాళ్ళ కింద, ఒక చెయ్యి వీపు కింద పెట్టి చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తేవాడు.

"బావా, తగ్గిపోయావు. రెండు చపాతీలు ఎక్కువ తిను" అనేవాడు నవ్వుతూ.

మోసేవాడి మెడ పట్టుకుని వేలాడుతూ కూడా వాడి వీపు కేసే చూసేవాడు ఇరుసు. వెన్నుకి రెండు పక్కలా తాళ్ళు పేనినట్టు కండ. కృతజ్ఞత ఉండాలి, నిజమే. దాని బదులు కళ్ళు కుట్టేవి. ఇంత ఆరోగ్యం వీడికి అవసరమా అనిపించేది. వాడు నిలబడి, ఒంటికాలి మీద వంగి, షూ లేసు కట్టుకుంటుంటే చూడలేక గోడ కేసి తిరిగేవాడు.

ఎనిమిది నెలలకి ఫిజియో మేడం సరేనంది. "ముందు కర్రతో మొదలుపెట్టండి. కర్ర సరిగ్గా వస్తే అప్పుడు బారు." ఇంట్లో ఉన్న కర్ర నేల తుడిచేది ఒక్కటే. హాల్లో అద్దం ముందు దాన్ని పట్టుకుని వంగి లేస్తుంటే పెళ్ళాం గుమ్మంలో నిలబడి చూసింది.

"తుడవమంటే నడుం నొప్పి. కర్రతో డాన్సుకి మాత్రం ఏం నొప్పి లేదు."

"ఇది వైద్యం."

"ఆ వైద్యమేదో కింద తడిగుడ్డ కట్టుకుని చెయ్యి. నా నడుమూ బాగుపడుతుంది."

నాలుగు నెలల తర్వాత, సరిగ్గా ఏడాది కిందట, షెడ్డులో మళ్ళీ అడుగుపెట్టాడు. ముందు బోర్డు చూశాడు. పేరుంది. తర్వాత మేకు చూశాడు. బెల్టుంది. చేతిలోకి తీసుకుంటే, అరిగిన పాత బెజ్జానికి లోపలి వైపు, నాలుగు వేళ్ళ దూరంలో కొత్త బెజ్జం కనబడింది.

"నేనే బావా. అక్కనడిగే వాడుతున్నా" అన్నాడు బావమరిది. "నీ బెల్టు కడితే ధైర్యంగా ఉంటది. నా నడుముకి వదులైతే ఓ మేకుతో పొడిచా."

వదులైందట. సన్న నడుం. ఆ రోజంతా ఇరుసు మనసులో ఆ బెజ్జమే.

నెల తిరక్కుండా ఓ ఆదివారం బావమరిది రెండొందల ఏడున్నర ఎత్తాడు. షెడ్డంతా చప్పట్లు. "ఇంకో రెండున్నరే బావా, నీ పక్కన నిలబడతా" అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఇరుసు కూడా చప్పట్లు కొట్టాడు, తేలు కుట్టిన దొంగలా.

ఎందుకంటే ఇరుసు ఎన్నడూ రెండొందల పది ఎత్తలేదు.

పదకొండేళ్ళ కిందట షెడ్డులో బారు కొసలకి ఎక్కించే ఇరవై కిలోల ప్లేట్లు మూడు జతలే ఉండేవి. నాలుగో జత నేను చేస్తానని ఇరుసే పూనుకుని, తుక్కులోంచి రెండు ఇనప చక్రాలు తెచ్చి లేత్ మీద ఎక్కించాడు. మొదటి దానికి ఆఖరి కోతలో చెయ్యి తొందరపడింది. తూస్తే పదిహేడున్నర. ఒకటి తక్కువా ఒకటి ఎక్కువా ఉంటే బారు ఒరుగుతుంది. అందుకని రెండోదాన్నీ కావాలనే పదిహేడున్నరకి చెక్కాడు. రెండింటి మీదా అంకెల పంచితో '20' అని గుద్దాడు. మొదటిది తప్పు. రెండోది దొంగతనం. మళ్ళీ ఎవరూ తూయలేదు. గుద్దింది ఇరుసు, వెంట్రుకవాసి తేడా రానివ్వని టర్నరు. వాటితోనే బోర్డెక్కాడు. లెక్క తీస్తే ఎత్తింది రెండొందల ఐదు.

తర్వాత షెడ్డుకి కంపెనీ ప్లేట్లు వచ్చాయి, ఇరుసు చేసినవి మూలకి చేరాయి. బావమరిది ఎత్తేదంతా అసలు సిసలు బరువు. అంటే వాడు బావను ఎప్పుడో దాటేశాడు. ఆ సంగతి వాడికే తెలీదు. తెలిసిన ఒక్కడూ నోరు కుట్టేసుకున్నాడు.

పదకొండు నెలలు. ప్రతి ఆదివారం వాడు రెండొందల పదికి వంగడం, బారు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోవడం. మూలన ముప్పై, నలభై, అరవై అంటూ చంటిపిల్లల బరువులు ఎత్తుకునే ఇరుసుకి, ఆ బారు కింద పడ్డ చప్పుడు వింటే ఆ వారమంతా నిద్ర బాగా పట్టేది. 'చూశావా, నా అంకె ఇంకా నిలబడే ఉంది' అనుకునేవాడు. అబద్ధపు అంకె అని తెలిసీ.

అలాంటి ఓ ఆదివారం ఇరుసు ఎనభైకి చేరాడు. పక్కనే బావమరిది రెండొందల పదికి వంగాడు. ఈసారి బారు మోకాళ్ళు దాటింది. దాటాక వీపు గుండ్రమైపోయింది. వాడు వదల్లేదు. నడుం విల్లులా వంగి, ఒళ్ళంతా వణుకుతూ లాగాడు. చూస్తున్న ఇరుసుకి తన కుట్ల దగ్గర చురుక్కుమంది. బారు ధడాలున పడింది. వాడు ఎడమ చెయ్యి నడుం మీద వేసుకున్నాడు. సరిగ్గా అక్కడే.

"ఏం లేదు, పట్టేసింది. ఇంకొక్కసారి."

"వచ్చే వారం చూసుకోరా" అన్నాడు మాస్టారు.

"లేదు మాస్టారూ, ఇవాళ అయిపోవాలి. బావ ఎత్తలా?"

ఆ మాట ఇరుసుకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, పడనీ అనుకున్నాడు. వీడూ ఎనిమిది నెలలు గోడ కేసి తిరిగి పడుకోనీ. ఆ ఆలోచన తనదేనని తెలిసి అతనికే సిగ్గేసింది.

మూలకి పోయాడు. మోకాళ్ళు వంచి, నడుం నిటారుగా ఉంచి, తను చేసిన ప్లేటొకటి తీశాడు. తెచ్చి, మనుషుల బరువు చూసే యంత్రం మీద పెట్టాడు.

"చదువు" అన్నాడు.

బావమరిది వంగి చూశాడు. "పదిహేడున్నర. యంత్రం పాడైంది బావా."

"నీ ప్లేటు పెట్టు."

పెట్టాడు. ముల్లు ఇరవై మీద ఆగింది.

"రెండోదీ అంతే. నేను ఎత్తింది రెండొందల ఐదు."

"నీకు తెలుసా?"

"చెక్కింది నేనే కదరా."

వాడు నేల మీద కూర్చుండిపోయాడు. "అంటే నేను... ఎప్పుడో..."

"పదకొండు నెలలైంది" అన్నాడు ఇరుసు.

"నెలలు కూడా లెక్కపెట్టావా? నీ కాళ్ళు పట్టానే బావా నేను. స్నానం చేయించానే." గొంతు పెద్దది చెయ్యలేదు. అదే ఇంకా బాధ. బెల్టు విప్పి మేకుకి తగిలించి, నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇరుసు అరచేత్తో బోర్డు తుడిచాడు. మాస్టారు కుర్చీలోంచి లేచాడు, ఎన్నాళ్ళకో. సుద్దముక్క తీసుకుని వెల్డరు పేరు, పక్కన 207.5 రాశాడు. అతను చేసిన రెండు ప్లేట్లనీ బయట వాన నీళ్ళు పడేచోట పెట్టించాడు.

పన్నెండు రోజులు బావమరిది ఇంటికి రాలేదు. వర్క్‌షాపులో వెల్డింగు అద్దం మొహానికి అడ్డం పెట్టుకునే తిరిగాడు.

"నా తమ్ముణ్ణి ఏమన్నావు?" అని అడిగింది పెళ్ళాం.

"నిజం చెప్పా."

"అలవాటు లేని పని ఎందుకు పెట్టుకున్నావు?"

పదమూడో రోజు సాయంత్రం ఇరుసు ఎనభై అయిదు పెట్టుకుని వంగాడు. వెనక నుంచి గొంతు.

"పిర్రలు దించు. గుండె ముందుకి. నాకు చెప్పి నువ్వు చెయ్యవేం?"

దించాడు. బారు లేచింది. కింద పెట్టి తిరిగితే బావమరిది మేకు దగ్గర ఉన్నాడు. "డాక్టరు మూడు వారాలు వద్దన్నాడు. కండ పట్టిందంతే. ఆ పూట ఇంకోసారి లాగుంటే నీ మంచం నాకొచ్చేదట." బెల్టు తీసి విసిరాడు. "అందాకా నువ్వు కట్టుకో. మేకు మాత్రం నాది."

ఇరుసు బెల్టు చుట్టుకున్నాడు. పాత బెజ్జం అందలేదు. మంచం పట్టినన్నాళ్ళు చిక్కిన ఒళ్ళు, లేచి తిరుగుతున్న ఈ ఏడాదిలో పొట్టకి చేరింది. గాలి బిగబట్టి లాగినా లాభం లేకపోయింది.

బావమరిది చూశాడు. నవ్వకూడదని పెదవి కొరికాడు, ఆగలేదు. "ఉండు" అని ఇంకో మేకు తెచ్చి, బెల్టు చివర, పాత బెజ్జానికి బయటి వైపు, కొత్త బెజ్జం పొడిచి ఇచ్చాడు.

ఇరుసు బకిల్ పెట్టుకున్నాడు. తన కొత్త బెజ్జం నుంచి వాడి బెజ్జానికి జానెడు దూరం. ఆ జానెడు చూస్తే ఇప్పటికీ కడుపులో మండుతుంది.

"రెండొందల ఏడున్నర" అన్నాడు. "ఎన్నాళ్ళుంటుందో చూస్తా."

"చూడు బావా. ముందు తొంభై ఎత్తు."

"కంపెనీ ప్లేట్లే పెట్టు" అన్నాడు ఇరుసు, అరచేతులకి సుద్ద రాసుకుంటూ.